సొంత వాక్యం

మా చిన్నమ్మాయి 7వ తరగతి చదువుతోంది. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూయే అయినా, బడిలో తెలుగు పాఠమంటే ఆమెకు ఎంతో ఇష్టం. మొన్నొక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని మేము ఇల్లు చేరేసరికి నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఇచ్చిన పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించాలట. అందులో ఒక పదం 'ప్రసాదించు'. ఆమె రాసిన వాక్యం: "అబ్బా నాకు సైకిలు ప్రసాదించారు."

ఇంటిల్లిపాదీ నవ్వాము. అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "ఇచ్చారు అన్నా, ప్రసాదించారు అన్నా ఒకటే కదా! తప్పేముంది?" అని అడిగింది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. అయినా ఎందుకు నవ్వామో చెప్పడానికి కాస్త ఆలోచించవలసి వచ్చింది.

ఇవ్వడాన్ని చెప్పే మాటలు తెలుగులో చాలా ఉన్నాయి. తోటివారికి ఇస్తాము. పెద్దలకు సమర్పిస్తాము. బాకీ ఉన్నదాన్ని చెల్లిస్తాము. ప్రసాదించడం మాత్రం వేరు. ఎవరికీ ఏ బాకీ లేనివాడు, ఎవరి నుంచీ ఏమీ ఆశించనివాడు దయతో ఇచ్చేటప్పుడే ఆ మాట పూర్తిగా అతుకుతుంది. అందుకే తెలుగు ముస్లింల నోట ఆ క్రియ అల్లాహ్ పేరుతోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఉర్దూలో మనం 'దేనా' అన్న మాటను పక్కన పెట్టి 'అతా ఫర్మానా' అంటాము. అరబీలో 'వహబ' అనే క్రియ ఉంది. బదులు ఆశించకుండా ఇవ్వడమని దాని భావం. 'హిబా' అన్న మాట, 'అల్ వహ్హాబ్' అన్న దైవనామం ఆ ధాతువు నుంచి వచ్చినవే.

"సైకిలు మేము కొన్నదే కానీ, ఆ సొమ్ము, అది సంపాదించే ఆరోగ్యం అల్లాహ్ ప్రసాదించినవి. మేము మధ్యలో అందించినవాళ్లం మాత్రమే" అని చెప్పాము. మన చేతిలోని సంపదకు మనం యజమానులం కాము, బాధ్యత అప్పగించబడినవారమని హదీద్ సూరా 7వ ఆయత్ బోధించేది ఇదే.

అమ్మాయికి అర్థమైంది. వాక్యం చెరిపి కొత్తది రాసింది: "అల్లాహ్ మా ఖాలాకు కొడుకును ప్రసాదించాడు." గత నెలలో మా మరదలికి బాబు పుట్టినప్పుడు బంధువులందరికీ ఫోనులో మేము చెప్పిన మాట అదే. మేము "మాషాఅల్లాహ్" అనబోయేంతలో ఆమె తలెత్తి అడిగింది: "నేను పుట్టినప్పుడు కూడా అందరికీ ఇలాగే చెప్పారా అబ్బా?"

మా నోట మాట రాలేదు. ఆనాటి ఆసుపత్రి వరండా కళ్ల ముందు మెదిలింది. మా అమ్మకు ఫోను చేసి మేము అన్న మాట "మళ్లీ అమ్మాయే పుట్టింది". అవతలి నుంచి "పోనీలే, తల్లీబిడ్డా క్షేమమేనా?" అన్న నిట్టూర్పు.

'ప్రసాదించాడు' అన్నప్పుడు ఆ వాక్యంలో ఇచ్చినవాడు ఉంటాడు. 'పుట్టింది' అన్నప్పుడు ఉండడు. కొడుకు పుడితే మనకు దాత గుర్తుకు వస్తాడు. కూతురు పుడితే దాతనే వాక్యంలో నుంచి తప్పిస్తాము. షూరా సూరా 49వ ఆయత్‌లో అల్లాహ్ తాను కోరిన వారికి కూతుళ్లను, తాను కోరిన వారికి కొడుకులను ప్రసాదిస్తానన్నాడు. రెండు చోట్లా ఒకే క్రియ, 'వహబ'. పైగా కూతుళ్ల ప్రస్తావనే ముందు! ఆడపిల్ల పుట్టిందన్న వార్త వినగానే ముఖం నల్లబడే అజ్ఞానకాలపు తండ్రిని నహ్ల్ సూరా వర్ణించింది. ఆ వర్ణన చదివినప్పుడల్లా అది ఎవరో పాతకాలపు అరబ్బుల సంగతి అనుకున్నాము.

"లేదు బేటీ, అలా చెప్పలేదు. మా పొరపాటు" అని ఒప్పుకున్నాము. ఆమె ఏమీ అనలేదు. కాసేపు ఆగి, ఆ వాక్యం కింద మరొకటి రాసుకుంది: "అల్లాహ్ మా అబ్బాకు ఇద్దరు కూతుళ్లను ప్రసాదించాడు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేము తప్పుగా వాడిన క్రియ అదొక్కటేనా? 2007లో మా నికాహ్ జరిగినప్పుడు బంధువులు అడిగిన ప్రశ్న "ఏమిచ్చారు?" అన్నదే. ఎవరు ఇచ్చారో అడగనవసరం లేదు. ఆడపిల్లవారే ఇస్తారని అందరికీ తెలుసు. 'జోడే కీ రకమ్' పేరుతో మామగారు ఇచ్చిన సొమ్ము మా ఇంటికి చేరింది. "మేము అడగలేదు, వారే ఇచ్చారు" అని ఇన్నేళ్లూ చెప్పుకున్నాము. వద్దని మాత్రం అనలేదు. నిసా సూరా 4వ ఆయత్‌లో "ఇవ్వండి" అన్న ఆజ్ఞ ఉన్నది పురుషులకు. స్త్రీల మహర్ వారికి సంతోషంగా ఇవ్వమని. నికాహ్‌నామాలో మా మహర్ 11,000 రూపాయలు. ఆనాడు దానికి దాదాపు తులం బంగారం వచ్చేది, ఈనాడు ఒక్క గ్రాము రావడమే గగనం. ఇవ్వవలసినది ఇవ్వలేదు, పుచ్చుకోకూడనిది పుచ్చుకున్నాము.

భర్త జనాజా పక్కన నిలబెట్టి "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అని వితంతువును అడిగే దృశ్యం మనలో చాలామంది చూసిందే. ఆ దుఃఖంలో ఏ స్త్రీ కాదనగలదు? మా శ్రీమతికి ఆ గతి పట్టకూడదనుకున్నాము.

జీతం రాగానే ఒక కవరు ఆమె చేతిలో పెట్టి, "నీ మహర్ ఇస్తున్నాము" అన్నాము. ఆమె కవరు తెరవలేదు. "ఇవ్వడం అనకండి. చెల్లిస్తున్నామనండి" అంది మెల్లగా. కొంతసేపటికి, "ఎన్నడూ అడగలేదు కదా అని మరచిపోయాననుకున్నారా?" అని కళ్లు తుడుచుకుంది. కూతురికి తెలుగు నేర్పబోయిన మమ్మల్ని ఆమె ఒక్క మాటతో సరిదిద్దింది. చెల్లించవలసిన దాన్ని దానంలా ఇవ్వకూడదు. చెల్లించేటప్పుడు బాకీ వదిలించుకున్నట్లు కాక మనస్ఫూర్తిగా చెల్లించాలి. ఆలస్యంలో ఆమె నష్టపోయినదాన్ని కూడా నెలనెలా కొంత చొప్పున పూడ్చాలనుకున్నాము. మామగారు ఇప్పుడు లేరు. ఆయన ఇచ్చిన సొమ్మును ఆయన వారసులకు విడతలవారీగా చేర్చడం మొదలుపెట్టాము.

పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. రేపు ఎవరైనా మా గడపకు వచ్చి "ఏమిస్తారు?" అని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మాకు తెలుసు. "మహర్ ఏమిస్తారు?" అని మేమే వారిని అడుగుతాము.

అల్లాహ్ మనకు ప్రసాదించిన కూతుళ్లను అనుగ్రహంగా స్వీకరించే హృదయాన్ని, ఎవరి హక్కును వారికి సంతోషంగా చెల్లించే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.