మందిరమున పన్నెండు మాసములు

సభాభవనమును కట్టుట యొక యెత్తు. కట్టినదానిని ఏడాది పొడుగున నడుపుట మఱియొక యెత్తు. కట్టునపుడు చందాలు వ్రాయువారికి ఉత్సాహముండును, శంకుస్థాపనకు పెద్దలు విచ్చేయుదురు. కట్టిన పిదప జంబుఖానాలు దులుపువారికి, కరెంటు బిల్లు కట్టువారికి, వాన కారినచోట గంగాళము పెట్టువారికి ఎవ్వరును పూలదండలు వేయరు. మేము బెంగళూరున ఒక పేటలో అట్టి చిన్న మందిరమును చిరకాలముగా చూచుకొనుచున్న కొద్దిమంది తెలుగువారము. ఈ సంచికకు ఏదైన వ్రాయుడని కోరినపుడు, మాకు తెలిసిన విద్య యిదియొక్కటే గనుక, మందిరపు సంవత్సరమును గూర్చియే వ్రాయుచున్నాము.

ఈ నగరమున తెలుగు నిన్న మొన్న దిగిన భాష కాదు. 1537లో ఇచట కోట కట్టించిన కెంపేగౌడ విజయనగర ప్రభువులకు సామంతుడు. గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ఆయన పేరనే నిలిచియున్నది. తూర్పున కోలారు, చింతామణి, బాగేపల్లి సీమలలో ఎన్నియో యిండ్ల పలుకు తెలుగే. చింతామణి దాపున కైవారమందు వెలసిన నారేయణ యతీంద్రులు, జనులు భక్తితో తాతయ్య అని పిలుచుకొను ఆ మహనీయులు, తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పిరి. మైసూరు మహారాజా కళాశాలలో 1912 మొదలుకొని దీర్ఘకాలము తెలుగు బోధించినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. వయ్యాలికావలున తెలుగు విజ్ఞాన సమితివారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరము నెఱుగని తెలుగు కుటుంబము ఈ యూర అరుదు. అట్టి పెద్ద మందిరముల నీడన మావంటి చిన్నవియు నడుచుచున్నవి.

దాపఱికమేల, మా మందిరమునకు అన్నము పెట్టునవి పెండ్లిండ్లు. వైశాఖ జ్యేష్ఠములు, శ్రావణము, మాఘ ఫాల్గునములు వచ్చినవన్న మా కోశాధికారి ముఖము వికసించును. వరుని వారు తెలుగువారైనను, కన్నడిగులైనను, తమిళులైనను రశీదు పుస్తకమునకు భేదము లేదు. ఆ అద్దె సొమ్ముతోనే కావలివాని జీతము, సున్నము, మైకు మరమ్మతు, గ్రంథాలయమునకు పత్రికలు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము శూన్యమాసములు. అపుడు మండపము బోసిపోవును. మొదట మేము దానికి చింతించెడివారము. పిదప తెలిసినదేమన, పంచాంగమున ముహూర్తములు లేని మాసములే సాహిత్యమునకు సుముహూర్తములు. ఆషాఢమున నాటకపు సాధనలు పెట్టుకొని, మాసాంతమున పద్యనాటకము ప్రదర్శింతుము. సెప్టెంబరు 21, గురజాడవారి జన్మదినము, తఱచుగా భాద్రపదముననే వచ్చును. నాడు మందిరము మాది. మహాలయ పక్షమున గతించిన రచయితలను స్మరించి ఉపన్యాసము లేర్పఱతుము. పితృపక్షమునకు అంతకంటె తగిన పని మాకు తోచలేదు.

పుష్యమున రెండు పండుగలు. సంక్రాంతికి మందిరపు ముంగిట ముగ్గులు, పిల్లలకు భోగిపండ్లు. ఇరుగుపొరుగు కన్నడ గృహిణులు నువ్వులు బెల్లము పంచుదురు, మనవారు అరిసె లిత్తురు. బహుళ పంచమినాడు త్యాగరాజస్వామి ఆరాధన. తిరువయ్యారున స్వామి సమాధిమందిరమును తన సొమ్ముతో కట్టించిన నాగరత్నమ్మగారి పేరుకు ముందు ‘బెంగళూరు’ అని యుండుట మాకు గర్వకారణము. 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును పరిష్కరించి ప్రకటించినదియు ఆమెయే. ఆరాధనకు మా వేదికపై పాడువారిలో సగముకంటె ఎక్కువ కన్నడ గృహముల పిల్లలు. స్వరము వారికి తప్పదు, మాట దగ్గఱ ఆగి, “మామా, ఈ మాటకు అర్థమేమి?” అని మా వృద్ధుల నడుగుదురు. ఏడాదికొకమాఱైనను పరుల బిడ్డలు మన భాష నర్థమడుగుట చిన్న భాగ్యమా!

ఉగాది యిరువురకును ఒక్కనాడే. కన్నడిగులు వేపపువ్వును బెల్లమును కలిపి తినుటతో తృప్తి పడుదురు. మనకు ఆఱు రుచులును కావలెను. అందుచేత మా మందిరమున ఆనాడు రెండు పాత్ర లుండును. పంచాంగ శ్రవణము, కవిసమ్మేళనము అయిన వెనుక పులిహోర. శ్రీరామనవమికి మాత్రము మేము కచేరీ పెట్టము. చామరాజపేటలో శ్రీరామసేవామండలివారు 1939 నుండి సాగించుచున్న సంగీతోత్సవ ముండగా దానికి పోటీయేల? వడపప్పు పానకములు పంచి, అందఱమును అచటికే పోవుదుము. దసరాకు బొమ్మల కొలువు. తెలంగాణమునుండి వచ్చిన ఆడపడుచులు బతుకమ్మ పేర్చుదురు. ఇచట తంగేడు సులభముగా దొరకదు గనుక కె.ఆర్. మార్కెట్టు బంతిపూలు, చేమంతులు ఆ లోటు తీర్చును.

ఇట్లు చెప్పిన అంతయు నల్లేరుపై బండి నడక వలె తోచును. కాని ఆగస్టు 29 సంగతి వేఱు. 1863లో ఆనాడు జన్మించిన గిడుగు రామమూర్తిగారి పేర తెలుగు భాషాదినోత్సవము జరుపుదుము. గ్రాంథికమున వ్యాసములు వ్రాయుచు గిడుగువారికి దండవేయుట మాకును నవ్వు పుట్టించునదే. కాని ఆయన ప్రేమించిన జనుల తెలుగే మా యిండ్లలో నిలువవలసియున్నది. ఒక సంవత్సరము ఆ తేదీ శ్రావణమున పడినది. అదేనాడు మంచి లగ్నము. ఒక పెండ్లివారు మామూలు అద్దెకు రెట్టింపు ఇత్తుమనిరి. ఆ సొమ్మున్న కారుచున్న పైకప్పు బాగుపడును.

కార్యవర్గము కూడినది. “అయ్యా, వాన పద్యములు విని ఆగదు. సభను మఱొకనాడు జరుపుకొందము” అని కోశాధికారి అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. లెక్క ఆయన ప్రక్కనే యున్నది. అపుడు మా సంఘమున అందఱికంటె పెద్దావిడ లేచి, “నాయనా, ఇల్లంతయు అద్దెకిచ్చి మనము వీధి అరుగుమీద పండుకొందుమా? ఇది ఒకమాఱు జరిగిన, ఏటేట జరుగును” అనిరి. చర్చ రాత్రి పొద్దుపోవువఱకు సాగినది. తుదకు స్వల్పాధిక్యముతో ఒక తీర్మానము చేసితిమి: ఏడాదికి పన్నెండు సాయంకాలములు ఎంత ధర పలికినను అమ్మకమునకు లేవు. ఆ పన్నెండింటి పట్టికను ముందుగనే గోడకు వ్రేలాడగట్టవలెను.

పెండ్లివారికి మఱొక మండపము చూపితిమి. అద్దె పోయినది, పైకప్పు మఱుసటి వేసవివఱకు ఆగినది, సభ్యులు తలకొంత వేసికొనగా అపుడు బాగుపడినది. ఆ ఆగస్టు సభలో వేదిక మూల ఒక గంగాళము టపటపమనుచుండ, ముప్పదిమందికి మించని సభాసదుల ముందు ఒక పదేండ్ల పాప వేమన పద్యములు చక్కగా చదివినది. మేము మెచ్చుకొని చేతిలోని కాగితమును చూడగా, పద్యములన్నియు కన్నడ లిపిలో వ్రాసియున్నవి. తల్లి చెప్పగా పాప తనకు వచ్చిన లిపిలో వ్రాసికొన్నదట. కొందఱు పెద్దలు నిట్టూర్చిరి. సభలోనున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయినిగారు మాత్రము, “కన్నడ లిపి వచ్చిన బిడ్డ మన గడపలోనే నిలిచియున్నది, లోపలికి పిలుచుట మన పని” అనిరి.

ఆ మాట మాకు కన్ను తెఱపించినది. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలు. తలకట్టు తీరు వేఱు, క త వంటి కొన్ని యక్షరముల మలుపు వేఱు. తక్కినవి పోలికతోనే పట్టుబడును. పాఠశాలలో కన్నడము చదువు పిల్లలకు తెలుగు లిపిని మొదటినుండి నేర్పనక్కఱలేదు, భేదములు చూపిన చాలును. మఱుసటి ఆషాఢమునుండి నాలుగు ఆదివారముల తరగతి పెట్టితిమి. మొదటి వారము పోలికలు, రెండవ వారము భేదములు, మూడవ వారము ఒత్తులు, నాల్గవ వారము పద్యము. అందఱును నిలువలేదు, ఇంట తెలుగు మాటాడని పిల్లలకు లిపి వచ్చినను అర్థము రాలేదు. నిలిచినవారు మాత్రము తాతగారి యుత్తరములను తామే చదువుకొనగలుగుచున్నారు. ఆ సాయంకాలమును అమ్ముకొనియుండిన ఆ కాగితము మా కంట పడియుండెడిది కాదు.

మన పాలు మనము కాపాడుకొనుట యనగా పొరుగువారి పాలు కాదనుట కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమును, విశాల మైసూరు రాష్ట్రమును ఒక్కనాడే యేర్పడినవి. 1973లో అదే తేదీన మైసూరు కర్ణాటకమైనది. ఆనాడు మా మందిరమున కువెంపు రచించిన నాడగీతముతో సభ ప్రారంభమగును. ఒక కన్నడ రచనను, ఒక తెలుగు రచనను ప్రక్కప్రక్కన చదువుదుము. నామఫలకములపై 60 పాళ్లు కన్నడ ముండవలెనని 2024లో చట్టము వచ్చినపుడు కొన్ని సంఘములు మమ్మడిగినవి. మా పలకపై కన్నడము మొదటినుండియు పైననే, పెద్దదిగానే యున్నది, మార్చవలసినది లేకపోయినది. ఈ నేల అన్నము తినుచు ఆ మాత్రము మర్యాద తెలియనిచో మన తెలుగునకే తలవంపు. 2008లో రెండు భాషలకును ప్రాచీనభాషా ప్రతిపత్తి కలసియే వచ్చుట యిరువురము పంచుకొన్న పండుగ.

తక్కినదంతయు చిల్లర పని. రాత్రి పది గంటలకు మైకు ఆపవలెను. వంటశాల అండాలు లెక్క చూచుకొనవలెను. సంఘముల చట్టము ప్రకారము ఏటేట సర్వసభ్య సమావేశము జరిపి, తనిఖీయైన జమాఖర్చులు చూపవలెను. ఈ పనులు చేయువారికి వయసు మీఱుచున్నది. యువకులు పండుగనాడు వత్తురు. కుర్చీలు సర్దునపుడు కానరారు. వారిని నిందింపము, ఉద్యోగములు దూరము, దారులు రద్దీ. ఒక్క మనవి మాత్రము చేయుచున్నాము. మీ పేట మందిరమున ఏ సంఘమైనను సరే, ఏడాదిలో ఒక్క సాయంకాలమును మీదిగా ఎంచుకొనుడు. ఆనాటి తాళము తీయుట, జంబుఖానా పఱచుట, దీపములార్పి తాళము వేయుట మీ కుటుంబపు వంతు. పన్నెండు కుటుంబములు కలసిన పన్నెండు సాయంకాలములును నిలుచును. మా గోడపై పట్టికలో వచ్చు ఆషాఢపు నాలుగు ఆదివారముల కెదుట పేరు వ్రాయవలసిన చోటు ఇంకను ఖాళీగా నున్నది.