క్లచ్ ఐబ్, సౌదా నియ్యత్

ఈమధ్య మన ఇళ్ళల్లో కుర్రాళ్ళకి స్పీడు కార్ల షౌక్ బాగా పెరిగింది. కొత్తది కొనే స్తోమత లేకపోయినా టర్బో పెట్రోల్ కార్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ అయినా, 2015లో 145 హార్స్‌పవర్‌తో వచ్చిన అబార్త్ పుంటో అయినా, కుర్రాళ్ళు వాటి పేరెత్తితే కళ్ళు మెరుస్తాయి. ఇలాంటి బండి చేతులు మారి మన వాకిట్లోకి వచ్చేసరికి తోడుగా వచ్చే తకలీఫ్ ఒకటుంది. అదే క్లచ్ జారడం. దాని గురించి రాయమని కొందరు అడిగారు. నేను పోర్టు ఏరియాలో పాతికేళ్ళు లోడర్లు, ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, కాబట్టి తెలిసినంత చెబుతాను. కానీ మెషీన్ సంగతితోపాటు సౌదా సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఆ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

ముందు క్లచ్ అంటే ఏంటో చూద్దాం. ఇంజన్ వెనక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలంతో మధ్యలో ఉన్న క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమిపెడుతుంది. రెండు అరచేతుల మధ్య కాగితం పెట్టి గట్టిగా నొక్కినట్టే. పెడల్ తొక్కితే చేతులు వదులవుతాయి, వదిలితే బిగుస్తాయి. ప్లేటుకి రెండు వైపులా ఉన్న లైనింగ్ అరిగితే ఆ పట్టు తగ్గిపోతుంది. అప్పుడు ఇంజన్ తిరిగినంతా చక్రాలకి చేరదు. మధ్యలో వేడిగా మారి పోతుంది.

మామూలు కారులో ఇది నెమ్మదిగా బయటపడుతుంది. టర్బో కారులో అలా కాదు. టర్బో ఊదడం మొదలవగానే, 2000 ఆర్పీఎం చుట్టుపక్కలే, ఇంజన్ తన పూర్తి టార్క్ ఇచ్చేస్తుంది. కంపెనీ క్లచ్‌ని ఆ టార్క్‌కి కొంచెం మార్జిన్ కలిపి తయారుచేస్తుంది. మన కుర్రాళ్ళు కంప్యూటర్ మ్యాప్ మార్పించి టార్క్ పెంచుతారు. ఆ మార్జిన్ కాస్తా అక్కడే ఖతం. అందుకే ఇలాంటి బళ్ళలో క్లచ్ మొదట జారేది ఫస్ట్ గేరులో కాదు. నాలుగు, ఐదు గేర్లలో, తక్కువ ఆర్పీఎం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు జారుతుంది.

మా ఆపా కొడుకు బండి సరిగ్గా ఇలాంటిదే. మూడేళ్ళు ముచ్చటగా వాడుకున్నాడు. దోహాలో ఉద్యోగం దొరికింది, కాగితాలకి, టికెట్‌కి డబ్బు కావాలి, కారు అమ్మేయాలనుకున్నాడు. స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒకాయన, కూర్మన్నపాలెం నుంచి వచ్చి చూసి, ఇరవై వేలు బయానా ఇచ్చి వెళ్ళారు. వచ్చే ఆదివారం మిగతా డబ్బు తెస్తానన్నారు. వెళ్తూ వెళ్తూ, "మా అమ్మగారిని అరకు తీసుకెళ్ళాలండీ, ఎప్పట్నుంచో అడుగుతోంది" అన్నారట.

శుక్రవారం జుమా అయ్యాక భాంజా నా దగ్గరకి వచ్చాడు. "మామూ, ఒక్కసారి తోలి చూడండి. ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు" అన్నాడు. ఆనందపురం వైపు హైవే మీదికి తీసుకెళ్ళాం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 60 స్పీడులో పెట్టాను, ముల్లు 2000 దగ్గర ఉంది. అక్కడ్నుంచి పూర్తిగా తొక్కాను. ముల్లు 3000కి ఎగిరింది. స్పీడు మాత్రం 66 దాటలేదు. 66 స్పీడుకి ముల్లు 2200 దగ్గర ఉండాలి. అంటే తేడా 800. కాసేపటికి కాలిన కాగితంలాంటి వాసన లోపలికి కొట్టింది.

ఆ 800 తేడా ఎంత నష్టమో అందాజా కోసం లెక్క చెబుతాను. ఆ క్షణంలో క్లచ్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ మోస్తోందనుకుంటే, 800 ఆర్పీఎం జారుడులో పుట్టే వేడి సుమారు 17 కిలోవాట్లు. మన ఇళ్ళల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఎనిమిది ఒకేసారి వేసినట్టు. అదంతా భోజనం పళ్ళెమంత ప్లేటు మీద. వేడికి లైనింగ్ గట్టిపడి నున్నగా మెరుపెక్కుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది, ఇంకా జారుతుంది. అందుకే క్లచ్ జారడం మొదలయ్యాక "చూద్దాంలే" అనుకుంటే కుదరదు.

అలాగని జారగానే ప్లేటు అరిగిందని తీర్మానించకూడదు. కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కి కాస్త ఫ్రీ ప్లే ఉందో లేదో చూడాలి. అది లేకపోతే బాగున్న ప్లేటు కూడా సగం నొక్కినట్టే ఉండి జారుతుంది. హైడ్రాలిక్ అయితే సిలిండరు పూర్తిగా వెనక్కి వస్తోందా చూడాలి. ఇంజన్ వెనక సీలు కారి ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది. మా వాడి బండిలో ఇవేవీ లేవు. పెడల్ బాగా పైకి వచ్చాకే పట్టుకుంటోంది. అది ప్లేటు అరుగుదలకి గుర్తు.

ఇంటికి వచ్చేసరికి బ్రోకరు ఫోన్ చేసి ఉన్నాడు. వాడి సలహా ఇది: "ఆదివారం ఆయన్ని బీచ్ రోడ్డులో తిప్పండి భాయ్. చదును రోడ్డు, నెమ్మదిగా తోలితే ఏమీ తెలీదు. నెలాఖరుకి మీరు దోహాలో ఉంటారు."

వాడు చెప్పింది మెషీన్ పరంగా నిజమే. నెమ్మదిగా తోలితే ఆ ఐబ్ బయటపడదు. ఆపా నా వైపు చూసి, "సెకండ్ హ్యాండ్ బండి అంటే అందరికీ తెలిసిందే కదా భాయ్. చూసుకుని కొనుక్కోవడం కొనేవాళ్ళ పని" అంది. ఆమె ఫికర్ నాకు తెలుసు. అప్పటికే ఇంట్లో బంగారం ఒకటి కుదువలో ఉంది.

నేను పెద్ద నసీహత్ ఏమీ ఇవ్వలేదు. బజారులో ధాన్యం కుప్పలోకి చేయి పెట్టి లోపలి తడిని పట్టుకున్న రసూలుల్లాహ్ (స) వాకియా మన పిల్లలందరూ మక్తబ్‌లోనే వింటారు. తడిసిన ధాన్యాన్ని కొనేవాళ్ళకి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. భాంజాకి మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెప్పింది రోడ్డు సంగతే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మలుపులో క్లచ్ వదిలేస్తే బండి ముందుకి పోదు, వెనక బస్సు ఉంటుంది. హైవే మీద ట్రెయిలర్ని ఓవర్‌టేక్ చేస్తూ సగంలో ఇంజన్ అరిచి బండి లాగకపోతే ఎదురుగా వచ్చేవాడు ఆగడు. ఆ సీట్లో ఉండేది ఆ పెద్దావిడ. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఆదివారం ఆయన వచ్చినప్పుడు భాంజాయే చెప్పాడు. "సార్, క్లచ్ జారుతోంది. మీరే తోలి చూడండి" అని తాళం చేతికిచ్చాడు. ఆయన తోలి చూశారు. కోప్పడలేదు. "చెప్పినందుకు థాంక్సండీ, కానీ నాకిప్పుడు రిపేర్లు పెట్టుకునే ఓపిక లేదు" అని బయానా తీసుకుని వెళ్ళిపోయారు. ఆపా నాతో మూడు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

బండిని ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఉస్తాద్ దగ్గర పెట్టాం. గేరుబాక్సు దించాక చూస్తే లైనింగ్ రివెట్ల దాకా వచ్చేసింది. ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నీలం మచ్చలు, వేడికి కమిలినవి. ఇంకొన్నాళ్ళు తోలి ఉంటే రివెట్లు ఫ్లైవీల్‌ని గీరేసేవి. అది మామూలు ఫ్లైవీల్ కాబట్టి లేతు మీద ముఖం తీయించగలిగాం. డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ అయితే సాధారణంగా మార్చడమే, ఖర్చు చాలా పెరుగుతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చాం. బేరింగు ఒక్కటి మిగిల్చి డబ్బు ఆదా చేద్దామనుకుంటే, రేపు అది అరిచిందంటే మళ్ళీ గేరుబాక్సు దించాలి. అసలు కూలి అంతా దానికే.

ఉస్తాద్ తన షాగిర్ద్‌కి ముందు చేతులు కడుక్కోమన్నాడు. గ్రీజు వేలు లైనింగ్ మీద పడితే కొత్త ప్లేటు కూడా సరిగ్గా పట్టదు. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తుడిపించాడు. పాత కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి జహర్. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించారు.

మ్యాప్ సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. పెంచిన టార్క్ ఉంచాలంటే గట్టి స్ప్రింగు ఉన్న క్లచ్ వేయాలి. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి గాజువాక దాకా ట్రెయిలర్ల వెనక పాకేటప్పుడు ఆ పెడల్ తొక్కి తొక్కి మోకాలు పోతుంది. సిరామిక్ ప్లేటు అయితే ప్రతి సిగ్నల్ దగ్గరా బండి కుదుపుతో కదులుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అవి పనికిరావు. మ్యాప్‌ని కంపెనీ స్థితికి తెప్పించాం. ఆ తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా తోలితే ప్లేటు, ఫ్లైవీల్ ఒకదానికొకటి అమరాయి.

మొత్తం నలభై వేలు దాటింది. ఉస్తాద్ రెండు కిస్తుల్లో తీసుకున్నాడు. రెండు నెలల తర్వాత వేరే ఆయన కొన్నారు, మొదటి ధర కన్నా తక్కువకే. నష్టం నష్టమే, దాన్ని ఫాయిదా అని నేను చెప్పను. భాంజా దోహా వెళ్ళడం ఆలస్యమైంది. కానీ రిపేరు బిల్లు బండి కాగితాలతో కలిపి ఇచ్చి, కొన్నాయనకి ఏం చేయించామో అంతా విప్పి చెప్పాడు. ఆ కారు ఎక్కడైనా ఎదురైతే వాడు ముఖం తిప్పుకోవాల్సిన పని లేదు.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే పిల్లలకి మూడు మాటలు చెప్పండి. తోలేటప్పుడు కాలు క్లచ్ మీద ఆనించి ఉంచొద్దు. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగితే బండిని హ్యాండ్‌బ్రేకుతో పట్టుకోవాలి, సగం క్లచ్‌తో కాదు. ముల్లు పైకి పోయి స్పీడు పెరగకపోతే ఆ వారమే మిస్త్రీకి చూపించాలి.

అమ్మే రోజు వస్తే నాలుగో మాట కూడా చెప్పండి. క్లచ్ జారుతుంటే, తాళం ఇచ్చే ముందే కొనేవాళ్ళకి ఆ సంగతి చెప్పాలి.