ఎంతమంది పుట్టారు? ఎంతమంది ఉన్నారు?

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఏడాది ఏప్రిల్ నెలలో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాము. అక్కడ ఉండగా ఒకనాటి సాయంత్రం మా మనవరాలు ఒక పెద్ద కాగితం తెచ్చి మా ముందు పరిచింది. బడిలో వంశవృక్షం గీసుకుని రమ్మన్నారట.

"నానమ్మా, తాతయ్యా, మీకు ఎంతమంది పిల్లలు?" అని అడిగింది.

"ఇద్దరమ్మా. మీ నాన్న, మీ అత్త" అని చెప్పాము.

అది రాసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మేము పడుకున్నామేగాని ఇద్దరికీ నిద్ర పట్టలేదు. చిన్నపిల్లకు చెప్పిన ఆ జవాబు నిజం కాదని ఇద్దరికీ తెలుసు. కాని ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

ఆ వారంలోనే మా అబ్బాయి మమ్మల్నందరినీ ఎల్లిస్ ద్వీపానికి తీసుకువెళ్లాడు. న్యూయార్కు రేవులో, లిబర్టీ విగ్రహానికి దగ్గరలోనే ఉంటుంది ఆ ద్వీపం. 1892 నుండి 1954 వరకు కోటీ ఇరవై లక్షలకు పైగా వలసజనం అక్కడ దిగి, పేర్లు చెప్పుకుని, డాక్టర్లకు చూపించుకుని అమెరికాలో అడుగుపెట్టారు. ఇప్పుడది మ్యూజియం. లోపల ఒక ఆడపిల్ల కంచు విగ్రహం ఉంది. గాలికి ఎగిరిపోతుందేమోనన్నట్టు తలమీది టోపీని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ ద్వీపం తలుపులు తెరిచిన మొదటి రోజున, మొట్టమొదట పేరు రాయించుకున్న మనిషి ఆమేనట. పేరు యానీ మూర్. ఊరు ఐర్లండులోని కార్క్.

మా మనవరాలు ఆ విగ్రహం చుట్టూ తిరిగి, "తర్వాత ఈ అమ్మాయి ఏమైంది?" అని అడిగింది. మాకు తెలియదు. మా అబ్బాయికీ తెలియదు. ఇంటికి దగ్గరలో ఉన్న గ్రంథాలయంలో మేము పగటిపూట కాలక్షేపం చేసేవాళ్లం. అక్కడ కూర్చుని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు వెదికాము. దొరికిన సంగతులు ఈ పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవాలనిపించింది.

ఐర్లండులో 1845 నుండి 1852 వరకు బంగాళాదుంప పంట తెగులు పట్టి పోయింది. పదిలక్షల మంది ఆకలికి, జ్వరాలకు చనిపోయారు. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. కరవు తీరినా వలస తీరలేదు. మూర్ కుటుంబంలో తలిదండ్రులు 1888లో ముందుగా న్యూయార్కు వెళ్లారు. యానీ, ఆమె తమ్ముళ్లు ఆంథొనీ, ఫిలిప్ వెనక ఉండిపోయారు. 1891 డిసెంబరు 20న ఆ ముగ్గురూ క్వీన్స్‌టౌన్ రేవులో 'నెవాడా' అనే ఓడ ఎక్కారు. 1912లో టైటానిక్ ఓడ చివరిగా ఆగింది కూడా ఆ రేవులోనే. ఇప్పుడు దానిని కోవ్ అంటారు. తల్లిదండ్రుల ముఖం చూసి మూడేళ్లు దాటిన పిల్లలు, పెద్ద దిక్కు లేకుండా, క్రిస్మసు పండుగ సముద్రం మీదనే గడిపారు. 1892 జనవరి 1న యానీ ముందుగా దిగింది. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. ఆనాడే ఆమెకు పదిహేనేళ్లు నిండాయని పత్రికలు రాశాయి. నిజానికి ఆమె 1874 ఏప్రిల్‌లో పుట్టింది, అంటే పదిహేడేళ్లది. మొదటి రోజునుండే ఆమె గురించి తప్పు రాయడం మొదలైందన్నమాట.

ఆ తర్వాత ఆమె సంగతి లోకం మరచిపోయింది. చాలా ఏళ్లకు టెక్సాస్‌లో ఒక కుటుంబం, ఆ యానీ మూర్ మా ఇంటి మనిషేనని చెప్పింది. ఆమె పడమటి దిక్కుకు వెళ్లి, ఐర్లండు వాడినే పెళ్లాడి, ఫోర్ట్ వర్త్ దగ్గర ట్రాము కింద పడి చనిపోయిందని వాళ్ల కథ. అందరూ నమ్మారు. పుస్తకాలలో రాశారు. 1993లో కోవ్ రేవులోను, ఎల్లిస్ ద్వీపంలోను విగ్రహాలు నిలబెట్టినప్పుడు కూడా లోకం నమ్మిన కథ అదే.

మెగన్ స్మొలెన్యాక్ అనే ఆమెకు కుటుంబ చరిత్రలు వెదకడం వృత్తి. ఆమె టెక్సాసు యానీ మూర్ పేరు జనాభా లెక్కల్లో చూస్తే, పుట్టిన చోటు ఇల్లినాయ్ అని ఉంది. ఇల్లినాయ్ అమెరికాలోనే ఒక రాష్ట్రం. అక్కడ పుట్టిన మనిషి ఐర్లండునుండి ఓడలో ఎలా వస్తుంది? అయితే అసలు యానీ ఎవరు? అది కనిపెట్టిన వారికి వెయ్యి డాలర్లు ఇస్తానని 2006లో ఆమె ప్రకటించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఐర్లండులో యానీ మూర్ అన్న పేరు మన పల్లెల్లో మరియమ్మ పేరు వంటిది. వీధికి ఇద్దరుంటారు. ఆ ఒక్క పేరు పట్టుకుని వెదికితే దారి తప్పిపోతాము. ఆడవారికి పెళ్లయితే ఇంటిపేరు కూడా మారిపోతుంది. అందుచేత వెదికేవారు ఆమెను విడిచిపెట్టి తమ్ముళ్లను పట్టుకున్నారు. న్యూయార్కు నగర దస్తావేజుల శాఖ అధికారి సాయంతో ఫిలిప్ మూర్ పౌరసత్వపు కాగితం దొరికింది. దానినుండి అతని కుటుంబం, అక్కడినుండి బ్రతికి ఉన్న బంధువులు, వారినుండి యానీ. కొద్ది వారాలలోనే చిక్కుముడి విడిపోయింది.

అసలు యానీ టెక్సాసు చూడనే లేదు. ఓడ దిగిన చోటికి దగ్గరలోనే, మాన్‌హట్టన్ దక్షిణపు కొసన పేదవారుండే ఇరుకు వీధుల్లో బ్రతుకంతా గడిపింది. జర్మనీనుండి వలస వచ్చినవారి కొడుకు, జోసెఫ్ షేయర్ అనే అతనిని పెళ్లి చేసుకుంది. అతడు ఫల్టన్ చేపల మార్కెట్‌లో పని చేసేవాడు. 1924 డిసెంబరులో గుండెజబ్బుతో చనిపోయింది. క్వీన్స్‌లోని కాల్వరీ సమాధుల తోటలో పాతిపెట్టారు. మీద రాయి లేదు, పేరు లేదు.

టెక్సాసు కథలో సాహసం ఉంది. ఈ కథలో అద్దె గదులు, చేపల వాసన, పేదరికం ఉన్నాయి. అయినా ఇదే నిజం. ఇక్కడ మాకు టెక్సాసు కుటుంబంమీద కూడా జాలి కలిగింది. వాళ్లు అబద్ధం ఆడినవారు కారు. పెద్దలు చెప్పినది నమ్మారు, పిల్లలకు చెప్పారు. మన ఇళ్లలో ఎన్ని కథలు ఇలా నడుస్తున్నాయో ఎవరికి తెలుసు!

ఈ వెదుకులాటకు ఆధారం కాగితాలే గనుక, వాటిని గురించి కూడా చెప్పాలి. 1922లో డబ్లిన్‌లో అంతర్యుద్ధం జరిగినప్పుడు ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడింది. 1821 నుండి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదైపోయాయి. ఆ మంటకు ముందు తీసిన లెక్కల్లో ఇప్పుడు పూర్తిగా మిగిలినవి 1901, 1911 సంవత్సరాలవి మాత్రమే. మరి ఐర్లండు వారు తాతముత్తాతలను ఎలా కనుక్కుంటారు? 1864 నుండి ప్రభుత్వం రాసిన జనన మరణాల పుస్తకాలు ఉన్నాయి. అంతకంటె వెనక్కు పోవాలంటే ముఖ్యంగా గుడి రిజిస్టర్లే దిక్కు. కతోలిక గుడుల బాప్తిస్మపు పుస్తకాలు డబ్లిన్‌కు పోకుండా ఏ ఊరివి ఆ ఊరి గుడిలోనే ఉండిపోయాయి. అందుకే మిగిలాయి. 2015లో ఐర్లండు జాతీయ గ్రంథాలయం వాటి ఫోటోలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఒక మూల గుడిలో ఒక ఫాదరుగారు సిరా కలంతో రాసిన నాలుగు మాటలే ఈనాడు సముద్రాల అవతల ఉన్నవారికి ఇంటి దారి చూపుతున్నాయి.

ఇక మమ్మల్ని కదిలించిన మాటకు వస్తాము.

యానీకి కనీసం పదకొండుమంది పిల్లలు పుట్టారు. పెరిగి పెద్దవారైనది ఐదుగురే. మిగిలిన ఆరుగురు మూడేళ్లు నిండకుండానే పోయారు. వెదికినవారు బ్రతికిన ఐదుగురి వెంట వెళ్లి వారి మనవలను, మునిమనవలను కనుక్కున్నారు. ఆ సంతతిలో ఐర్లండు పేర్లవారు, యూదుల పేర్లవారు, ఇటలీ పేర్లవారు ఉన్నారట. అయితే చనిపోయిన ఆరుగురి వెంట ఎక్కడికీ పోలేము. వారికి సంతానం లేదు. వంశవృక్షానికి వారివల్ల పనిలేదు. అయినా వారినీ వెదికి లెక్కలో వేశారు.

ఆ లెక్క తీసే పద్ధతి అమెరికాలో అప్పటికే ఉంది. 1900లోను, 1910లోను జనాభా లెక్కలకు వచ్చిన గుమాస్తా ప్రతి ఇంట్లో పెళ్లయిన ఆడవారిని రెండు ప్రశ్నలు అడిగేవాడు. నీకు ఎంతమంది పిల్లలు పుట్టారు? వారిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? రెండు అంకెలూ పక్కపక్కన వేసుకునేవాడు. గుమ్మంలో నిలబడి, చంకలో పిల్లతో, ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పిన తల్లులు ఎంతమందో! ఆ రెండు అంకెలకు మధ్య ఉన్న తేడా ఎంత దుఃఖమో ఆ గుమాస్తాకు రాసుకునే గడి లేదు. అయినా అడిగాడు. ఆమె చెప్పింది. అది నిలిచిపోయింది.

అది చదివిన రోజు మేము గ్రంథాలయంనుండి నడిచి వస్తూ దారిలో ఒక బల్లమీద కూర్చున్నాము. మా మనవరాలు అడిగినది ఆ గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్నే. మేము చెప్పినది రెండో ప్రశ్నకు జవాబు.

మాకు పెళ్లయిన రెండో ఏట మొదట ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది నెలలు మా దగ్గర ఉంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. బస్సు దొరికి పట్నం చేరేసరికే ఆలస్యమైంది. "మరచిపోండి, దేవుడు మళ్లీ ఇస్తాడు" అన్నారు పెద్దలు. దేవుడు ఇచ్చాడు. ఒక కొడుకు, ఒక కూతురు. పోయిన పిల్ల పేరు తలిస్తే ఉన్న పిల్లలకు మంచిది కాదని మరికొందరు అన్నారు. ఆ మాట మేము నమ్మకపోయినా, పాటించాము. ఫోటో తీయించలేదు. సమాధి మీద పెట్టిన కర్ర సిలువను చెదలు తిన్నాయి. ఇప్పుడా చోటు చూపించమంటే మేము చూపించలేము.

ఆ రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకంటె ముందు ఎవరో పోయారని చిన్నప్పుడు అమ్మమ్మ అంటే విన్నాను. మీరు బాధపడతారని ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. మేము వాడికి చెప్పలేదు, వాడు మమ్మల్ని అడగలేదు. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుని నలభై ఏళ్లు గడిపాము.

మా ఊరి సంఘ కాపరికి ఫోను చేశాము. ఆయన వయసులో చిన్నవారు, మమ్మల్ని ఎరుగరు. అయినా బీరువాలోని పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తీయించి, రెండు రోజుల తర్వాత ఒక పేజీ ఫోటో పంపించారు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, కింద అప్పటి అయ్యగారి సంతకం. ఆ బాప్తిస్మం క్రిస్మసు రోజున జరిగిందని మాలో ఒకరి జ్ఞాపకం, కోతపండుగనాడని మరొకరి జ్ఞాపకం. ఏళ్ల తరబడి ఎవరికి వారే లోలోపల దాచుకున్న జ్ఞాపకాలవి. రిజిస్టరులో ఉన్నది జనవరి మొదటి ఆదివారం. ఇద్దరమూ పొరబడ్డాము. కన్నవారి జ్ఞాపకమే అలా ఉంటే, టెక్సాసువారిని ఏమనగలము? ఆ పేజీ చూసి చాలా కాలానికి మేమిద్దరం కలిసి ఏడ్చాము, కొంచెం నవ్వుకున్నాము కూడా.

మరునాడు మనవరాలిని పిలిచాము. "నానమ్మ, తాతయ్య నీకు తప్పు చెప్పారమ్మా. మాకు ముగ్గురు పుట్టారు. ఇద్దరు ఉన్నారు" అన్నాము. అది ఏమీ అనకుండా పెన్సిలు తెచ్చుకుని, వాళ్ల నాన్న పేరుకు ఎడమపక్కన కొత్త గీత గీసింది.

"అయితే నాకు పెద్దత్త ఉందన్నమాట. పేరేమిటి?" అని అడిగింది.

చెప్పాము. మా ఇంట్లో ఆ పేరు గట్టిగా పలికి నలభై ఏళ్లు దాటింది.

యానీ మూర్ సమాధి మీద 2008 అక్టోబరు 11న రాయి నిలబెట్టారు. ఐర్లండునుండి తెచ్చిన నీలపు సున్నపురాతితో చెక్కిన సిలువ. ఆమె చనిపోయిన ఎనభైనాలుగేళ్లకు. మా బిడ్డకు రాయి పెట్టించడానికి చోటు తెలియదు గనుక, ఊరికి వచ్చాక సమాధుల తోట గోడమీద చిన్న పలక ఒకటి వేయించుకోవడానికి సంఘం వారిని అడిగాము. ఒప్పుకున్నారు.

ప్రియమైన పాఠకులారా, మీ ఇంట్లో పెద్దవారు ఉన్నప్పుడే ఈ రెండు ప్రశ్నలూ అడగండి. మెల్లగా, తీరిక చూసుకుని అడగండి. వాళ్లు వెంటనే చెప్పకపోవచ్చు. మీ గుడిలో పాత రిజిస్టర్లు ఉంటే చెదలు తినకముందే ఫోటోలు తీయించి పెట్టండి. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఎంత దూరంనుండో ఆ పేరు కోసం వస్తారు.