కత్తిరింపులు

వారపత్రికలో వచ్చే సీరియలును వారం వారం చింపి దాచి, ఆఖరున బైండు కట్టించుకునే అలవాటు మన ఇళ్లలో ఒకప్పుడు ఘనంగా వుండేది. ఏ బంధువుల ఇంటికి వెళ్లినా అటకమీద అలాంటి బైండు ఒకటి కనబడేది. అందులో ఒక తమాషా వుంది. నవల పుటకు వెనకవైపు ఏ తలనూనె ప్రకటనో సగానికి తెగి వుండేది. ఏళ్లు గడిచాక నవలకంటె ఆ తెగిన ముక్కే ముచ్చటగా తోచేది. ఆ రోజుల్లో సబ్బు ఖరీదెంతో నవలాకారుడు చెప్పడు గదా!

నేను ఆ పనే టెలివిజనుతో చేస్తుంటాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. నేను వ్యాసంగం అంటాను. విషయం ఒకటే.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. సెట్‌టాప్ పెట్టె వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంగుల్లో మూడు రంధ్రాలుంటాయి. పసుపుది బొమ్మకు, తక్కిన రెండూ శబ్దానికి. అక్కడి నుంచి తీగలు తెచ్చి బొటనవేలంత యంత్రానికి తగిలించి, దాన్ని కంప్యూటరుకు గుచ్చితే, సెకనుకు 25 బొమ్మల చొప్పున తెరమీది ప్రపంచమంతా లోపలికి చేరుతుంది. నేను పెట్టుకున్న లెక్క ప్రకారం గంట కార్యక్రమానికి సుమారు 2.7 గిగాబైట్లు పడుతుంది.

అసలు చిక్కు కత్తిరించడంలో వుంది. కంప్యూటరు మహా పిసినారి. ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. ఒకదాన్ని నిండుగా రాసుకుని, తరువాత వచ్చేవాటిలో మారినదెంతో అంతవరకే రాసుకుంటుంది. పద్దుపుస్తకంలో గుమాస్తా 'పై విధముగానే' అని గీత గీసినట్టు. అందుచేత నాణ్యం చెడకుండా కొయ్యాలంటే ఆ నిండు బొమ్మ దగ్గరే కొయ్యాలి. ఎవిడెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ చోటు చూపిస్తుంది. పదాన్ని సంధి దగ్గర విడదీస్తేనే అర్థం దక్కుతుందని క్లాసులో చెప్పేవాణ్ణి గనుక నాకిది తొందరగానే పట్టుబడింది.

ఇది దొంగతనం కాదా అని ఒక సహోద్యోగి అడిగారు. మన 1957 నాటి కాపీరైటు చట్టంలో 39వ సెక్షను వుంది. సొంత వాడకానికీ, నిజమైన బోధనకూ, పరిశోధనకూ ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే తప్పులేదని దాని సారాంశం. నలుగురికీ పంచి పెడితే, అమ్ముకుంటే మాత్రం ఆ రక్షణ వుండదు. నా డిస్కులు గడప దాటవు.

దాచవలసింది ప్రసారం చేసినవారే గదా, మనకెందుకీ బరువు అనవచ్చు. లండనులోని బి.బి.సి. అంతటి సంస్థే 1960, 70లలో టేపు ఖరీదని పాత కార్యక్రమాలు చెరిపి, వాటిమీదే కొత్తవి ఎక్కించింది. 'డాక్టర్ హూ' అనే ధారావాహికలో అనేక భాగాల బొమ్మ అలాగే పోయింది. పోయిన భాగాల శబ్దమైనా నేడు మిగిలిందంటే, ఆనాడు ఇళ్లలో కూర్చుని టేపు రికార్డర్లలో పట్టుకున్న అభిమానుల చలవే. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 2012లో కన్నుమూసేదాకా ముప్ఫయ్యేళ్లకు పైగా రాత్రింబవళ్లు వార్తలు రికార్డు చేసి, సుమారు డెబ్బైవేల కాసెట్లు మిగిల్చి వెళ్లింది. ఇరుగుపొరుగు ఆమెను ఏమనుకున్నారో వూహించగలను. మా ఆవిడ అనే మాటే అనుకుని వుంటారు.

మన వైపు సంగతి చూడండి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంతకుముందు మా ప్రాంతం వారికి భద్రాద్రి రాముని కల్యాణం అంటే ఏటి అవతలికి వెళ్లి చూడడం, లేకుంటే రేడియోలో వినడం. ఆకాశవాణి నుంచి ఉషశ్రీగారు కల్యాణం వర్ణిస్తుంటే ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించి వినేవారు. ఆ గొంతు మా ఇంట్లో ఒక్క నిమిషమైనా మిగల్లేదు. ఆ తరం వారికి వినడమే గాని దాచుకోవడం తెలియదు.

ఇక నా పిచ్చికి అసలు కారణం చెబుతాను. మాది బూర్గంపాడు. మా వూరికి గోదావరి ఒక్కటే కాదు, కిన్నెరసాని కూడా వుంది. విశ్వనాథవారు పాటలు కట్టిన ఆ కిన్నెరసానే. పెద్దది పొంగితే చిన్నదానికి కలిసే దారి వుండదు; వెనక్కి తన్నుకుని వూళ్లమీదికి వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారంటే ఎంత నీరో గ్రహించండి. ఆ వరదలో మా ఇల్లూ, ఇంట్లోని ఫొటోలూ పోయాయి. నీరు ఎక్కడిదాకా వచ్చిందో మా అమ్మ గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తే, కొత్తగా వచ్చిన కోడళ్లు పక్కకు తిరిగి నవ్వుకునేవారు. పెద్దావిడ కాస్త పెంచి చెబుతోందని.

2022 జూలైలో మళ్లీ వచ్చింది. ఈసారి 71.3 అడుగులు. అమ్మను ముందే కొత్తగూడెంలో మా ఇంటికి తీసుకువచ్చాను. ఆవిడ టెలివిజను ముందునుంచి లేవలేదు. నేను రికార్డింగు ఆపలేదు. మొత్తం 19 గంటలు.

నీళ్లు తీశాక కత్తిరింపుకు కూర్చున్నాం. చూపిందే చూపించారు, అదంతా తీసెయ్యమంది మా ఆవిడ. కింద పరుగెత్తే అక్షరాలు కనబడకుండా అంచు కోసి, వెనక సంగీతం పెడదామన్నాడు మా అబ్బాయి.

"పాటెందుకురా నాయనా? వాడు చెప్పే అడుగుల లెక్క వుండనీ. అప్పుడు మాకు ఆ లెక్క చెప్పేవాడే లేకపోయె" అంది అమ్మ.

లెక్క వుంచాం. అక్షరాలు వుంచాం. మధ్యలో వచ్చిన రెండు చీరల కొట్ల ప్రకటనలు కూడా వుంచాను. ఇంతలో ఒకచోట అమ్మ చెయ్యెత్తి ఆపమంది. విలేఖరి వెనక, పడవ మలుపు తిరిగేటప్పుడు, ఒక వేపచెట్టు, దాని పక్కన సగం మునిగిన రేకుల పంచ. మా వీధి! లెక్కపెట్టి చూస్తే నాలుగు సెకన్లు; సరిగా నూరు బొమ్మలు. పందొమ్మిది గంటల్లో మా వీధి కనబడింది అంతే.

"అదుగో, ఆ పంచ చూరుకు నీళ్లు తగిలాయి. ఎనభై ఆరులో దానికి పైన ఇంకో నాలుగడుగులు" అంది. మా ఆవిడ తెరమీద నీటి మట్టమూ, కింద నడిచే అంకే చూసింది. మనసులో తీసివేత చేసుకుంది. నవ్వలేదు. "అయితే అత్తయ్యా, అప్పుడు మీరంతా ఎక్కడ తలదాచుకున్నారు?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నాలు పదకొండింటికి తిన్నాం.

ఇప్పుడా రికార్డింగు 38 నిమిషాలుంది. ఒక డిస్కు మా ఇంట్లో, ఒకటి హైదరాబాదులో మా చెల్లెలి దగ్గర వుంది. మూడోది బూర్గంపాడులో వుంచుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆ ఏటికి పాత లెక్కలు దాచుకునే అలవాటు లేదురా, మొదట దాన్నే పట్టుకుపోతుంది" అంది.