చందాపుర నుండి లూవెన్ దాకా

బెంగుళూరు నుండి హోసూరు పోయే పెద్దరోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటి, బొమ్మసంద్ర కార్ఖానాలు దాటగానే వచ్చే వూరు చందాపుర. మన చదువరులలో చాలామంది హోసూరుకో, కృష్ణగిరికో, సేలానికో పోతూ యీ వూరి మీదుగా వెళ్ళే వుంటారు. బస్సు కిటికీలోంచి చూసేవారికి యిది ఒక సర్కిల్, నాలుగు హోటళ్ళు, ఆనేకల్ బోర్డు పెట్టుకొన్న బస్సులు, అంతే. దిగి చూడవలసిన వూరు అని యెవరూ అనుకోరు. యిరవై యేండ్లుగా యిక్కడనే కాపురముంటూ, బొమ్మసంద్రలో ఒక కార్ఖానా ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను గనుక, దిగి చూస్తే కనిపించే సంగతులు నాలుగు వ్రాయవచ్చునని యీ ప్రయత్నం.

సర్కిల్ దగ్గర టీ అంగడిలో కన్నడం, తెలుగు, తమిళం ఒక్క గుక్కలో వినబడతాయి. ఆనేకల్ తాలూకాలోనూ, సరిహద్దుకు ఆవల హోసూరులోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా వున్నవే. యిల్లు తెలుగు, బడి కన్నడం, ఆఫీసు ఇంగ్లీషు అనే పద్ధతి మాకు కొత్త కాదు. చుట్టుపక్కల రాగిచేలు ఉండేవి. యిప్పుడు అక్కడక్కడ మాత్రమే మిగిలినాయి. హుస్కూరు మద్దూరమ్మ జాతరకు యెత్తయిన తేర్లు యీనాటికీ పల్లెల నుండి లాగుకొని వస్తారు.

1978లో కియోనిక్స్ సంస్థ 332 యెకరాలలో ఎలక్ట్రానిక్ సిటీకి పునాది వేసినప్పుడు, ఆ సంగతి యిక్కడి రైతులకు పెద్దగా పట్టలేదట. 2010లో పైన పోయే రోడ్డు వచ్చింది. 2025 ఆగస్టు 10న బొమ్మసంద్ర దాకా మెట్రో రైలు ప్రారంభమయింది. ఆనేకల్ రోడ్డులో చిక్కహాగడె క్రాస్ వద్ద, 2010లో శాసనసభ చట్టంతో యేర్పడిన అలయన్స్ విశ్వవిద్యాలయం వున్నది. అందులో న్యాయశాస్త్రం కూడా చెబుతారు. పొద్దున్నే నల్లకోటు చేతిమీద వేసుకొన్న పిల్లలు, కార్ఖానా షిఫ్టుకు పోయే కూలీలు ఒకే బస్సు కోసం నిలబడటం యిక్కడి నిత్యదృశ్యం.

ఆ నల్లకోటు పిల్లలలో మా అక్కయ్య కూతురు ఒకతె. 2025లో ఆమె బెల్జియం దేశంలో లూవెన్ విశ్వవిద్యాలయంవారు నడిపే వేసవి పాఠశాలకు పోవాలని పట్టుబట్టింది. విషయం కృత్రిమ మేధకు సంబంధించిన చట్టం, నీతి, విధానం. కంప్యూటరు తనంతట తాను మనుషుల విషయంలో నిర్ణయాలు చేస్తే దానికి బాధ్యత యెవరిది, తప్పు జరిగితే మొర యెవరికి పెట్టుకోవాలి అనేదే ఆ చదువులోని సారం.

యింట్లో పెద్ద చర్చే జరిగింది. మా బావ, “మనిషికే చట్టం అందటం లేదు, యంత్రానికి చట్టమేమిటోయ్? ఆ డబ్బు పెళ్ళికి వుంచితే పోదా?” అన్నాడు. మా అవ్వ యింకా సూటిగా, “మన చెరువుకు చట్టం లేకనా అట్లయింది?” అన్నది.

అవ్వ మాటలో నిజం వున్నది. చందాపుర చెరువులో ఒకప్పుడు పశువులు నీళ్ళు తాగేవి. తరువాత కార్ఖానాల మురుగు, యిండ్ల మురుగు చేరి నురుగు తేలింది. 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ యీ చెరువును కాపాడలేకపోయినందుకు కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయలు కట్టాలని ఆజ్ఞ యిచ్చింది. అంత పెద్ద సంఖ్య మా వూరి పేరు పక్కన చూసి మేమే ఆశ్చర్యపోయాము. చెరువును కాపాడే చట్టాలు అంతకుముందూ వున్నవి. చెడిపోయిన తరువాత వచ్చిన ఆజ్ఞ చెడిపోకముందు వచ్చివుంటే యెంత బాగుండేది! మా మేనకోడలు అవ్వకు చెప్పిన జవాబు యిదే: “అందుకే పోతాను అవ్వా. చెరువు విషయంలో ఆలస్యమయింది. దీని విషయంలో ఆలస్యం కాకముందే నేర్చుకోవాల.”

ఆ మాటకు మా అక్కయ్య కరిగింది. నాలుగు గాజులు బ్యాంకులో కుదువ పెట్టింది. నేను చీటీ పాడి కొంత యిచ్చాను. యిట్లా పంపదలచినవారు ఫీజు ఒక్కటే లెక్క వేసుకొంటే చాలదు. వీసాకు 90 యూరోల రుసుము, 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా, బ్యాంకు లెక్కలు, కళాశాల ఉత్తరం, అన్నీ చూపవలె. విమానం ఛార్జీ సరే సరి.

లూవెన్ బ్రస్సెల్స్ నగరానికి తూర్పున సుమారు 25 కిలోమీటర్లు. బెంగుళూరు నడిబొడ్డుకు మా చందాపుర వున్నంత దూరమే అన్నమాట. కాని అక్కడి విశ్వవిద్యాలయం పుట్టింది 1425లో. ఆమె వెళ్ళిన యేడే దానికి 600 యేండ్లు నిండినాయి. మనకు వానలు కురిసే రోజులలో వారికి వేసవి. రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురు వుంటే, భోజనం యే వేళకు చేయవలెనో తెలియలేదట. సంచిలో పెట్టుకొనిపోయిన చట్నీపొడి, అవలక్కి కొంత ఆదుకొన్నాయి.

అక్కడి గ్రంథాలయం కథ ఆమె ఫోనులో చెప్పగా విని నాకు నిద్ర పట్టలేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మను సైన్యం దాన్ని తగులబెట్టింది. అమెరికావారి సాయంతో మళ్ళీ కట్టారు. 1940లో రెండవ యుద్ధంలో మళ్ళీ కాలిపోయింది. మళ్ళీ కట్టారు. ఆపైన భాష తగాదా వచ్చింది. ఆ ప్రాంతం డచ్చి భాష మాట్లాడేది. విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి కూడా నడిచేది. ఆందోళన ముదిరి 1968లో విశ్వవిద్యాలయం రెండుగా చీలింది. ఫ్రెంచి భాగానికి లూవెన్-లా-నోవ్ అనే కొత్త వూరునే కట్టవలసివచ్చింది. పుస్తకాలు పంచేటప్పుడు బేసి సంఖ్య వున్నవి ఒకరికి, సరి సంఖ్య వున్నవి మరొకరికి అని చాలా భాగం పంచుకొన్నారట. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వచ్చిన రోజులు గుర్తున్న మన పెద్దలకు యిటువంటి పంపకం బాధ వేరే చెప్పనక్కరలేదు. రెండు భాషలతో బ్రతికే మనవంటివారు యీ కథ తెలుసుకోతగినది.

యిక పాఠాల సంగతి. ఆమె ఫోనులో చెప్పినవి, తిరిగివచ్చి నోటుబుక్కు చూపి చెప్పినవి కలిపి వ్రాస్తున్నాను. యూరోపు దేశాల కూటమి కృత్రిమ మేధ మీద ఒక చట్టం చేసింది. అది 2024 ఆగస్టు 1న అమలులోకి వచ్చి, విడతలుగా వర్తిస్తున్నది. అందులో కొన్ని పనులు పూర్తిగా నిషేధం. ఉదాహరణకు, పనిచేసే చోట మనిషి ముఖం చూసి మనోభావం కనిపెట్టే యంత్రాలు, వైద్యానికో ప్రమాద నివారణకో తప్ప, పెట్టరాదు. యీ నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుండే వర్తించినాయి. ఉద్యోగానికి అర్జీలు వడగట్టడం, ప్రభుత్వ సాయానికి అర్హులను తేల్చడం వంటివి నిషేధం కాదు గాని, యెక్కువ అపాయం గల పనులుగా లెక్కించి కట్టుదిట్టాలు పెట్టారు. నిషేధాన్ని మీరిన కంపెనీకి 3 కోట్ల 50 లక్షల యూరోల దాకా, లేదా ప్రపంచమంతటి వ్యాపారంలో నూటికి 7 వంతుల దాకా, యేది యెక్కువైతే అంత జుల్మానా.

యింత కఠినం యెందుకంటే, పక్క దేశమైన నెదర్లాండ్సులో జరిగిన అనర్థం వారికి తెలుసు. పిల్లల సంరక్షణకు ప్రభుత్వం యిచ్చే సాయంలో మోసం చేశారని వేలాది తల్లిదండ్రుల మీద తప్పుగా నింద మోపి, డబ్బు తిరిగి కట్టమన్నారు. యెవరిని అనుమానించాలో తేల్చడంలో కంప్యూటరు లెక్కకూ పాత్ర వున్నది. కుటుంబాలు అప్పులపాలయినాయి. చివరకు 2021 జనవరిలో అక్కడి మంత్రివర్గమే రాజీనామా చేసింది.

“మీ దేశంలో యిటువంటిది వున్నదా?” అని తరగతిలో అడిగితే, మా పిల్ల తెలంగాణా సంగతి చెప్పిందట. అక్కడ రేషను కార్డులకు అర్హులెవరో తేల్చడానికి సమగ్ర వేదిక అనే కంప్యూటరు పద్ధతిని వాడారు. పేరూ పేరూ కలిసిపోయి, కారు లేని కుటుంబానికి కారు వున్నట్టు లెక్క వచ్చి కార్డు పోయిన వుదంతం పత్రికలలో వచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను యింటింటికీ పోయి మళ్ళీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. అది విని తరగతి కాసేపు మౌనంగా వుండిపోయిందట.

పేర్ల తికమక యెట్లా వస్తుందో గుమాస్తాగా నాకు బాగా తెలుసు. మన తెలుగువారికి యింటిపేరు ముందు వస్తుంది. బెంగుళూరు బడిలో చేరేసరికి తండ్రి పేరు పొడి అక్షరంగా మారి వెనుకకు పోతుంది. ఆధార్‌లో అది విడదీసి వ్రాస్తారు. బ్యాంకులో మరొక తీరు. ఒకే మనిషికి నాలుగు కాగితాలలో నాలుగు పేర్లు. యిన్నేండ్లుగా మావంటివారు కాగితాలు పక్కపక్కన పెట్టి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వూరు చూసి, “యీ ఇద్దరూ ఒక్కరే” అని తేల్చేవాళ్ళం. అనుమానముంటే నోటరీ చేత ప్రమాణపత్రం తెప్పించేవాళ్ళం.

మా వీధి కుర్రవాడొకడు ఐ.టి.ఐ. ప్యాసయి ఒక కంపెనీకి అర్జీ పెట్టాడు. మార్కులు మంచివే. అరగంటలో “మీ అర్జీ పరిశీలించలేకపోతున్నాము” అని జవాబు వచ్చింది. సర్టిఫికెట్టులో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు పేరు వున్నందువల్లనా, మరేదైనానా అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. గేటు దగ్గర కాపలావాడు, “అంతా కంప్యూటరే సార్” అన్నాడు. వాడి తల్లి యిండ్లలో పనిచేసి చదివించింది. ఆమెకు యేమని చెప్పాలి?

యీ సంగతి మా మేనకోడలికి చెప్పినప్పుడు ఆమె నోటుబుక్కు తెరిచి ఒక మాట చూపింది: మనిషి పర్యవేక్షణ. అపాయం గల పనులలో యంత్రం చెప్పినదాన్ని పరీక్షించి, అవసరమైతే పక్కన పెట్టగల మనిషి వుండాలని ఆ చట్టం చెబుతున్నది. నేను, “అమ్మా, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినంతమాత్రాన చాలదు. కాదు అని వ్రాసే అధికారం వాడికి వుండాల. అట్లా వ్రాసిన మరునాడు వాడి ఉద్యోగం నిలబడాల. లేకుంటే వాడూ ముద్ర కొట్టే యంత్రమే అవుతాడు” అన్నాను. “మామా, అక్కడా మేము దీని మీదనే యెక్కువసేపు వాదించుకొన్నాము” అని ఆ మాట నోటుబుక్కులో వ్రాసుకొన్నది.

మన దేశంలో యేమీ లేదని అనుకోనక్కరలేదు. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి రిటైరయిన కె. ఎస్. పుట్టస్వామిగారు 86 యేండ్ల వయస్సులో, 2012లో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు పోయారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమిక హక్కు అని యేకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆయన 2024లో కాలధర్మం చెందారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చినాయి. కృత్రిమ మేధకు మాత్రం ప్రత్యేక చట్టం రాలేదు. అదే నెలలో కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం, స్కూటర్ల మీద భోజనం, సామాను అందించే కుర్రవాళ్ళవంటివారి కోసం చేసిన చట్టంలో, తమ పనిని యంత్రం యెట్లా కనిపెడుతున్నదో, నిర్ణయాలు యెట్లా చేస్తున్నదో తెలుసుకొనే హక్కు పెట్టారు. మా సర్కిల్ దగ్గర ఫోను చేతిలో పట్టుకొని నిలబడే పిల్లలలో యెందరికి యీ సంగతి తెలుసో!

పిల్లలను యిటువంటి చదువుకు పంపదలచిన తల్లిదండ్రులకు మూడు మాటలు. యిది డిగ్రీ కాదు. కొద్ది రోజుల పాఠాలకు యిచ్చే సర్టిఫికెట్టు. దానితోనే ఉద్యోగం వస్తుందని అప్పు చేయవద్దు. రెండవది, పాఠశాలను విశ్వవిద్యాలయమే నడుపుతున్నదా, మధ్యవర్తి కంపెనీయా అని ముందుగా విచారించుకోవాలి. ఫీజులో రాయితీ యిస్తారేమో ఉత్తరం వ్రాసి అడగడంలో సిగ్గు లేదు. మూడవది, పోయివచ్చిన పిల్ల యేమి నేర్చుకొన్నదో యింట్లో కూర్చోబెట్టి మన భాషలో చెప్పించుకోవాలి. మన భాషలో చెప్పలేకపోతే అది యింకా పూర్తిగా వంటబట్టలేదని గుర్తు.

మా మేనకోడలు యిప్పుడు ఆదివారాలు మా వీధి అరుగు మీద కూర్చొని, పేర్లు కలవక తిప్పలు పడేవారికి అర్జీలు వ్రాసిపెడుతున్నది. కన్నడం కాగితాలు నేను చూస్తాను, ఇంగ్లీషువి ఆమె చూస్తుంది. ఐ.టి.ఐ. కుర్రవాడి చేత, కారణం తెలుపమని ఆ కంపెనీకి రిజిస్టరు ఉత్తరం వ్రాయించింది. జవాబు యింకా రాలేదు. రెండవ ఉత్తరం వ్రాసి పెట్టాము. రేపు పోస్టు చేస్తాను.