మూడు ముళ్లూ పడ్డాకా?

పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో ఒక సలహా మహా తేలిగ్గా వినిపిస్తుంది: "అమ్మాయికి షుగరున్న సంగతి ఇప్పుడెందుకు? మూడు ముళ్లూ పడ్డాక మెల్లగా చెప్పుకోవచ్చులే." వింటే ఒళ్లు మండుతుంది. ఇక్కడ షుగరంటే చాలామందికి చిన్నతనంలోనే వచ్చే టైప్ 1. ఒంట్లోని రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేయడం వల్ల వస్తుంది. మిఠాయిలు తింటే వచ్చింది కాదు, మాత్రలతో సరిపోయేదీ కాదు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇంజెక్షన్, లేదంటే పంపు ఉండాల్సిందే. దీన్ని కొత్త కాపురంలో దాచమంటే, ఇన్సులిన్ పెన్ను కొంగుచాటున పట్టుకుని బాత్రూంలోకి దూరమనడమే. అదను దొరక్కపోతే డోసు మానేయమనడమే. ఇన్సులిన్ బొత్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అంతకంటే తరచుగా వచ్చే గండం షుగరు పడిపోవడం. 70కి దిగువకు వచ్చిందంటే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఊరికే చిరాకు పుట్టుకొస్తుంది. సంగతి తెలియని భర్తకు అది అలకలా కనిపిస్తుంది. తెలిసినవాడైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తాడు, పావుగంట ఆగి వేలు గుచ్చి మళ్లీ చూస్తాడు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోతాడు.

చెబితే సంబంధాలు తప్పిపోతాయంటారు. తప్పిపోతాయి, అందులోనూ ఆడపిల్లకు ఎక్కువగా. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ దాచి చేసిన పెళ్లిలో ఆ భయం పోదు, అత్తవారింటికి మకాం మారుస్తుందంతే. పైగా ముఖ్యమైన విషయం దాచి ఒప్పించారంటూ పెళ్లి రద్దు కోరడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో దారి ఉంది. పిల్లలకూ వస్తుందేమోనన్నది ఇంకో అభ్యంతరం. తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు రెండు నుంచి నాలుగు. తండ్రికుంటే అంతకంటే కొంచెం ఎక్కువ. పెళ్లిచూపుల్లో "నాకు చక్కెర లేకుండా కాఫీ" అని నిస్సంకోచంగా అడిగే వియ్యంకుడిది చాలావరకు టైప్ 2, కుటుంబాల్లో మరింత బలంగా దిగేది అదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. ఇంత మామూలైన జబ్బు ఆయనకుంటే వయసు, ఇరవై రెండేళ్ల పిల్లకుంటే లోపమా? ఈ అన్యాయానికి భయపడి పిల్ల నోరు నొక్కేవాళ్లు దాన్ని ఇంకో తరానికి అప్పగిస్తున్నారు.

బయోడేటాలో అచ్చు వేయించాలనడం లేదు. ఆఫీసులో పరిచయమైన ప్రతి ఒక్కరికీ చెప్పక్కర్లేదు. కలిసి ప్రయాణం చేసేవాళ్లకు, ఒకే గదిలో ఉండేవాళ్లకు చెప్పాలి. పెళ్లి విషయంలోనైతే ఇద్దరూ మాట్లాడుకుని ఇష్టమనిపించాక, తాంబూలాలకు ముందే, పిల్లే స్వయంగా చెప్పాలి. పెద్దల నోట అది నేరం ఒప్పుకున్నట్టుగా వినిపిస్తుంది. చెప్పాక ఉచిత సలహాలు మొదలవుతాయన్నదీ నిజమే. కాకరకాయ రసం, మెంతుల నీళ్లు, ఎవరో ఇచ్చే పొడి. తాగితే తాగనివ్వండి గానీ, "ఈ పొడి వాడి ఇంజెక్షన్ మానెయ్" అనేవాళ్లను మాత్రం గుమ్మంలోనే ఆపాలి. టైప్ 1కి ఇన్సులిన్ మాన్పించే పొడి ఏదీ లేదు. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి తగ్గించి, ఎముకల గూడులా మారిన ఒంటితో ఇంకొన్నాళ్లు ప్రాణం నిలపడం తప్ప వైద్యుల చేతిలో ఏమీ లేదు. పొడి అమ్మేవాడికి ఆ పిల్లల ఫొటోలు చూపించాలి.