మూడు కాళ్ల గ్రాహకం

పక్షవాతంతో కుడిచేయి చచ్చుబడిన తరువాత మా తండ్రిగారికి మిగిలిన వినోదం ఒక్కటే. పాత కంప్యూటరును టెలివిజనుకు తగిలించి, అందులో భద్రపరచిన పద్యనాటకాలూ ఖవ్వాలీలూ ఆయనకు వినిపించేవాళ్లం. అయితే అజాన్ మొదలైన క్షణంలోనే ఆ ధ్వని ఆగిపోవాలని ఆయన నియమం. కీబోర్డు మంచానికి దూరం. "బేటా" అని పిలిచేవారు; మేము చేరుకునేసరికి అజాన్ సగమయ్యేది. ఆ పిలుపులో ఆజ్ఞ పోయి అభ్యర్థన చోటుచేసుకోవడం మాకు బాధ కలిగించేది.

2017 వేసవి సెలవుల్లో, మూలపడిన టీవీ రిమోటుతో కంప్యూటరును నడిపే గ్రాహకాన్ని స్వయంగా తయారు చేయాలని సంకల్పించాం. సాహిత్యం తప్ప వేరొకటి ఎరుగని మాకు సోల్డరింగ్ ఐరన్ పట్టడం అదే ప్రథమం. కోఠీ గుజరాతీ గల్లీలో మూడు కాళ్ల సెన్సరు, 5 వోల్టుల రెగ్యులేటరు, ఒక డయోడు, ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు కొన్నాం. రిమోటు నుండి వెలువడే అదృశ్యకాంతి సెకనుకు 38 వేల సార్లు స్పందిస్తుంది. సెన్సరు ఆ లయను మాత్రమే గ్రహించి, ఎండనూ మామూలు దీపకాంతినీ తోసిపుచ్చుతుంది. కంప్యూటరు వెనుక ఉన్న తొమ్మిది సూదుల సీరియల్ పోర్టులో 7వ సూది విద్యుత్తును ఇస్తుంది, 5వది గ్రౌండు, 1వది సంకేతాన్ని లోనికి చేరుస్తుంది. ఆ సంకేతాన్ని లినక్సులోని 'లిర్క్' చదువుతుంది.

మొదటి సెన్సరు మా అజ్ఞానానికి ఆహుతైంది. మేము అనుసరించిన పటం 1738 సెన్సరుది, కొన్నది 4838. రెండూ చూపుకు కవలలే గాని కాళ్ల క్రమం వేరు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులొకరు చెప్పేదాకా మాకది తట్టలేదు. (వారు నవ్విన నవ్వు నేటికీ జ్ఞాపకమే.)

రెండవది పనిచేసింది, కాని చీకటి పడి సి.ఎఫ్.ఎల్. దీపం వెలిగించగానే, ఎవరూ మీట నొక్కకుండానే తప్పుడు సంకేతాలు పుట్టసాగాయి. ఆ దీపంలోని ఎలక్ట్రానిక్ చోకు కూడా ఇంచుమించు అదే వేగంతో కాంతిని కంపింపజేస్తుందట! అగరువత్తుల అట్టపెట్టెను గొట్టంలా చుట్టి, సెన్సరుకు తొడిగి, దాని ముఖాన్ని మంచం వైపు తిప్పాం.

ఆ సాయంత్రం వంటింటి గడప దగ్గర కూర్చుని ఉన్నాం. మగ్రిబ్ అజాన్ మొదలైంది. అలవాటు చొప్పున లేచి నిలబడ్డాం. పిలుపు రాలేదు. ఖవ్వాలీ మాత్రం చరణం మధ్యలో ఆగింది. గదిలోకి తొంగిచూశాం. రిమోటు ఎడమచేతిలో ఉంది. తండ్రిగారు కళ్లు మూసుకొని, అజాన్‌కు మెల్లగా జవాబు పలుకుతున్నారు.